పిప్పి

మకాయ్‌లో ఆగస్టు రాత్రికి
మాడిన బెల్లం వాసన.
మిల్లు చప్పుడు ఊరంతా వినపడుతుంది
నిద్రలో ఎవరో పక్కకి ఒత్తిగిలినట్టు.
దాని వెనక రేకుల షెడ్డులో
మేమిద్దరమే:
నేనూ, వెస్లీ టవాకీ.

రసం పోయాక మిగిలింది మాకొస్తుంది.
కన్వేయరు మీద లేత పసుపుగా, పొడిపొడిగా,
ముక్కులో దూరి తుమ్ములు తెప్పించే పిప్పి.
ఇన్నాళ్లూ దీన్ని కొలిమికే వేశారు.
మేం తాళం తీసి చూద్దామనుకుంటాం.

తాళమంటే లిగ్నిన్.
గడ్డి నిటారుగా నిలబడ్డానికి
తనలో తాను పోసుకున్న సిమెంటు.
దాని లోపల, గొలుసుకి గొలుసు పెనవేసుకుని,
చక్కెరే.
ఆవు కడుపుకి తెలుసు ఈ సంగతి,
చెదపురుగుకి తెలుసు.
మనకైతే
నూట తొంభై డిగ్రీల ఆవిరి కావాలి,
కాస్త ఆమ్లం కావాలి,
ఉన్నట్టుండి తెరుచుకునే ఒక వాల్వు కావాలి.

ఢామ్మని షెడ్డు అదురుతుంది.
పీచు లోపల్నించి పగిలిపోతుంది.
తొట్టిలో పడేది
డికాక్షన్ దిగిపోయిన కాఫీపొడిలాంటి బురద.
చల్లార్చి, కడిగి,
యాభై డిగ్రీల దగ్గర ఎంజైములకి అప్పగిస్తే
మూడు రోజులు కొరుకుతూనే ఉంటాయి, చప్పుడు లేకుండా.
నాలుగో రోజు సీసా ఎత్తి
ట్యూబ్‌లైటుకి అడ్డం పెట్టి చూస్తాను.
రుచి చూడకూడదు, అది రూలు.
ఒకసారి చూశాను.

మొన్న మంగళవారం వాల్వు ఇరుక్కుంది.
మూడు నిమిషాలు, అంతే.
నేను మీటర్ల వంక చూస్తూ లెక్కలేసుకుంటుంటే
వెస్లీ మూత దగ్గర ఒక్కసారి గాలి పీల్చి
"పోయింది" అన్నాడు.
చేదు బాదం వాసన.
ఎక్కువ ఉడికిన తీపి ఫర్ఫురాల్ అవుతుంది,
అందులో ఈస్ట్ వేస్తే బతకదు.
మెషీన్ ఆ మాటే చెప్పేసరికి
తెల్లారిపోయింది.

ఆ ముక్కు ఎక్కడిదని అడిగాను.
నవ్వాడు. తర్వాత నవ్వకుండా చెప్పాడు.
వాళ్ల ముత్తాతని మలైటా దీవి నుంచి ఓడలో తెచ్చారట,
మూడేళ్ల ఒప్పందం మీద
సంతకం చోట ఇంటూ గీత పెట్టించి.
ఈ పొలాలే. చేత్తో, కత్తితో.
ఆయన తమ్ముణ్ని ఎక్కడ పాతారో
ఇప్పటికీ ఎవరికీ తెలీదు.
మాట్లాడుతుండగానే చెరకు రైలు పోయింది,
చిన్న పట్టాల మీద, ఇనప బుట్టలు గలగలమంటూ.
అది పోయేదాకా ఆగాడు.

మా భాషలో ఒక మాటుంది, చెప్పాను.
మనిషి సత్తువంతా లాక్కుని వదిలేస్తే
పీల్చి పిప్పి చేశారంటాం.
పిప్పంటే ఇదే అని
గ్లౌజు నిండా తీసి చూపించాను.
చాలాసేపు చూశాడు.
"ఇందులో ఇంకా సగానికి పైగా చక్కెరే కదా,
మీవాళ్లకి తెలీదా?"

తెలీదు.
చెరకు తీపని వేళ్లతో నమలొద్దని మాత్రం తెలుసు.
ఆ సామెత అతనికి చెప్పలేదు,
మేం చేసే పని అదే మరి.
పిప్పిలోనూ తీపి మిగిలిందని కనుక్కోవడం
దానికిచ్చే గౌరవమో
రెండోసారి పీల్చడమో
రాత్రి షిఫ్టులో తేలేది కాదు.

పాడైన బ్యాచ్‌ని పిండి, ఆరబెట్టి
బాయిలరుకి పంపాం.
తర్వాతి బ్యాచ్‌కి ఆవిరి
దాని మంటే ఇవ్వాలి.
లాగ్‌బుక్కులో "కారణం" అన్న గడిలో
వాల్వు అని రాశాను.
కింద నేను పొట్టి సంతకం గిలికాను.
వెస్లీ మాత్రం
పేరు మొత్తం రాశాడు,
అక్షరం అక్షరం ఒత్తి,
వెనక పేజీ మీద కూడా తేలేలా.

తర్వాత ఇద్దరం
ఒకేసారి తుమ్మాం.