ఏడో ముక్క

నాకిచ్చింది ఏడో ముక్క.
అరచేతంత బాక్స్‌వుడ్, దంతంలా నున్నగా.
బొమ్మ పెద్దది, వారం చిన్నది.
అందుకని మరలు విప్పి, పదహారు ముక్కలు చేసి
బల్లకొకటి పంచేశాడు పెటిగ్రూ దొర.
"గీత చూడు హనోరా, అర్థం చూడకు.
ఆ పనికి పై అంతస్తులో వేరే జీతగాళ్ళున్నారు."

న్యూయార్క్‌లో డిసెంబరు. నాలుగింటికే దీపాలు.
దీపం ముందు నీళ్ళు నింపిన గాజుబుడ్డి,
దాని వెలుగు చెక్క మీద డాలరు బిళ్ళంత పడుతుంది.
మా పనిలో ఉలి తాకిన చోటు తెలుపు,
తాకకుండా వదిలేసిందే నలుపు.
పైగా అంతా తిరగబడి ఉంటుంది,
తూర్పున పడమర,
ఊళ్ళ పేర్లు అద్దంలో మొహం చూసుకుంటున్నట్టు.

నా ముక్కలో ఒక నది, ఒక బడి కప్పు,
వాటి మీదుగా ఏదో తాడు.
పడవలు లాగే గొలుసనుకున్నాను.
ఒక గుండు చుట్టూ చెక్కాను, రెండోది, మూడోది...
ఐదోదాని దగ్గర పెదాలు వాటంతటవే కదిలాయి.
కళ్ళకంటే ముందు వేళ్ళు పోల్చుకున్నాయి.
తొమ్మిది పూసలు.
పదోది ఎనిమిదో ముక్కలో ఉంటుంది,
అది పక్కబల్ల ఎర్నెస్టీన్‌ది.
ఉలి ఆగిందని చెప్పను. ఆగలేదు.
రెండు డాలర్లు.
అందులో ఐదు సెంట్లు
ఆదివారం కొవ్వొత్తికి తీసి పెట్టాను.

శనివారం పత్రిక వచ్చింది.
దేశపటం.
సముద్రానికవతల మూడంతస్తుల కిరీటంతో ఓ బొద్దు ముసలాయన
గాలం వేసినట్టు జపమాల విసిరి
రేవులన్నీ, బడులన్నీ ఒక్క ఉచ్చులో లాగుతున్నాడు.
ఒడ్డున శాలువాలు కప్పుకుని మోకరిల్లిన ఆడవాళ్ళు.
వాళ్ళకి కోతి మూతులు.
ఒకామె శాలువా ముడి
అచ్చం మా అమ్మ వేసే ముడి.

అమ్మకి చదువు రాదు. బొమ్మ వస్తుంది.
చేపలు కడిగిన చెయ్యి గౌనుకి తుడుచుకుని
కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది.
కోతుల్ని చూసింది. చాలాసేపు.
"ఇందులో నీదేది?"
"నది. నదీ, బడి కప్పూ."
మిగతాది మింగేశాను.
ఆమె గోరు నది దాటి తాడు మీదికి పాకింది.
తొమ్మిది తర్వాత
నా ముక్కకీ ఎర్నెస్టీన్ ముక్కకీ అతుకు,
వెంట్రుకంత తెల్ల గీత.
గీత దాటగానే పెద్ద పూస.

"పదోది ఏదే?"

చెక్కలో లేదు. గీసినవాడి పెన్సిల్లోనే లేదు.
అమ్మ నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది.
"దేశం మొత్తానికి ఉరి పేనాడు,
పది దాకా లెక్క రాలేదు, పాపం."

తర్వాత ఆ తెల్ల గీత మీద బొటనవేలు ఆనించి
తక్కువైన ఆ ఒక్క మంగళవార్త జపం
అక్కడే చెప్పుకుంది.
ఎవరి కోసమో నాతో అనలేదు.
కాగితం చేప తలలు చుట్టడానికి పోయింది.

సోమవారం పెటిగ్రూ దొర ఇంకో ముక్క ఇచ్చాడు.
"పాదం" అన్నాడు.
ఉలి ముట్టుకోకుండా అడిగాను,
"ఎవరిది?"