పేగు పొర

పెరియమేడులో మా ముత్తవ్వ ఓబులమ్మ
గోళ్లు కొరుక్కుని పనిలోకి వెళ్లేది.
గాజులుంటే మేస్త్రీ గుమ్మంలోనే ఆపేవాడు:
గీత పడితే పొర పనికిరాదు.

ఆవు పేగు మీది పొర,
ఉల్లిపొరకన్నా పలచన.
ఉప్పునీళ్లలో ఒలిచి, గీకి,
పీపాల్లో పరిస్తే రోజుకి మూడణాలు.
పీపా మూత మీద తెల్లరంగుతో ఏదో ఊరు పేరు.
ఆమెకు చదువు రాదు.
హార్బరు దాకా బండి వెనక నడిచిందట, ఒకసారి.

ఆ ఊళ్లో సముద్రం ఒడ్డున
తాటిచెట్లు నిలబడి పట్టేంత షెడ్డు ఉందనీ,
అందులో నేవీ వాళ్ల గాలి ఓడ,
దాని కడుపులో సంచులన్నీ
మన వాడ పేగులేననీ
గుమస్తా సెబాస్టియన్ చెప్పాడు.
నవ్విందట.
"ఆవు ఎగురుతుందా, అయ్యా?"

ఆమె తాకిన చెంబు
వీధిలో ఎవరూ తాకలేదు.
దొరలు మాత్రం
సిగరెట్టు కూడా వెలిగించకుండా
ఆమె వేళ్ల మధ్య జారిన పొరను నమ్ముకుని
మబ్బుల్లో కూర్చున్నారు,
నీటి అడుగున శత్రువును వెతుకుతూ.

మొన్న మెరీనాలో
నగల కొట్టు బెలూను చూసి
లోపల ఏముందని అడిగింది మా పాప.
గాలే, అన్నాను.

మా ఇంట్లో ఆడవాళ్లం
ఎవరం గోళ్లు పెంచం.
ఎందుకో ఎవరూ చెప్పలేదు.