కోరం

పదిన్నరకి మొదలవ్వాల్సిన సర్వసభ్య సమావేశం
పన్నెండు దాటినా మొదలవలేదు.
సిక్కోలు గ్రంథాలయం మేడ మీద
ఒక ఫ్యాను తిరుగుతోంది, ఇంకొకటి ఆలోచిస్తోంది.
హాజరు పట్టీలో సంతకాలు ముప్పై.
కావలసినవి ముప్పై ఒకటి.

మళ్లీ లెక్కపెట్టాను.
సంయుక్త కార్యదర్శిని కదా, లెక్కపెట్టడమే నా పదవి.
జిల్లాలు విడిపోయాక పాలకొండ వాళ్లు మన్యంలోకి,
రాజాం వాళ్లు విజయనగరంలోకి పోయారు.
పటం మీద గీసిన గీత
మా చందాల పుస్తకం నడుమ నుంచి నడిచింది.
నిబంధనావళి ఒక్కటే పాత జిల్లాలో ఉండిపోయింది,
ముప్పై ఒకటి, ముప్పై ఒకటి అంటూ.

"పలాస నుంచి జోగారావు గారు బయల్దేరారటండి."
"రైలా, బస్సా?"
"అది చెప్పలేదండి."

అధ్యక్షులు ముద్దాడ కూర్మారావు గారు
పద్దెనిమిదేళ్లుగా కూచున్న కుర్చీలో
కొంచెం ముందుకి జరిగారు.
ఈ రోజుకి రెండే అంశాలు.
ఎవరూ రెండు విడతలకి మించి పదవిలో ఉండరాదన్నది ఒకటి.
పార్ట్‌టైం వాళ్లకీ సభ్యత్వం, ఓటు అన్నది రెండోది.
టైపు చేసింది నేనే.
మొదటిది చేస్తున్నప్పుడు ఆయన వైపు చూడలేదు.

అసిరమ్మ టీ తెచ్చింది.
పదకొండేళ్లుగా హిరమండలం శాఖ తాళంచెవి
ఆమె కొంగు ముడిలోనే ఉంది.
పేపర్లు పరిచేదీ, చెదలు దులిపేదీ,
గ్రూప్ పరీక్షల పిల్లలు చింపిన పేజీలు
అన్నం మెతుకులతో అతికించేదీ ఆమే.
వంశధార పొంగిన ఏడు
కింది అర పుస్తకాలన్నీ బల్ల మీదికెత్తి
తెల్లారేదాకా వాటి పక్కనే కూచుంది.
దాన్ని జీతం అనకూడదట, గౌరవ వేతనం.
ఏడు నెలలుగా గౌరవం రాలేదు.

హాల్లో మనుషులం ముప్పై ఒక్కరం.
కోరంకి ముప్పై మందిమే.
"అసిరమ్మని కలిపేస్తే సరిపోద్ది కదండి"
అన్నాడు నరసన్నపేట కుర్రాడు.
"కలపాలంటే సవరణ పాసవ్వాలి."
"పాసవ్వాలంటే?"
"కోరం ఉండాలి."
"ఉండాలంటే?"
ఎవరో కిసుక్కుమన్నారు.
ట్రే పట్టుకుని కుర్చీల మధ్య నిలబడిపోయింది ఆమె,
వర్గీకరణ సంఖ్య పడని పుస్తకంలా.

కూర్మారావు గారు కళ్లజోడు తుడుచుకున్నారు.
నిబంధనావళి తెరవకుండానే చెప్పారు:
"పద్నాలుగులో మూడు.
కోరం లేకపోతే సభని అరగంట వాయిదా వెయ్యాలి.
వాయిదా పడ్డ సభకి కోరం అక్కర్లేదు.
రాసింది నేనేనమ్మా. అప్పటికి నాకు నలభై రెండు."

అరగంట.
ఏం చెయ్యాలో తోచక తలో పుస్తకం తీశాం.
ముప్పై మంది లైబ్రేరియన్లు ఒకేసారి చదవడం
ఈ ఉద్యోగంలో నేను చూసింది అదే మొదలు.
అసిరమ్మ చదవలేదు.
తలకిందులుగా ఉన్న ఒకదాన్ని తిప్పి నిలబెట్టింది.

ఒంటిగంటకి రెండో అంశం ముందు తీసుకోమన్నారాయన.
ఔనని ఇరవై రెండు, కాదని ఆరు.
ఇద్దరు కిటికీలోంచి నాగావళి వైపు చూశారు.
తర్వాత మొదటిది.
"ఇప్పుడు ఆమె చెయ్యి కూడా లెక్కపెట్టండి."
చెయ్యి లేచింది, సగం దాకా.
ఏ వైపుకో తెలీక అడిగాను.
"ఈ బాబుని దించీడానికి
నా సెయ్యెలాగెత్తీది తల్లీ?"
"ఎత్తమ్మా" అన్నారు కూర్మారావు గారు,
"నేనూ ఎత్తుతున్నాను."

మినిట్స్‌లో రాశాను:
సవరణలు రెండూ ఆమోదించబడినవి.
సభ్యత్వ రుసుము యాభై, రసీదు నాలుగు వందల పదిహేడు.
ముడి విప్పితే ముందు తాళంచెవి పడిందని రాయలేదు.
సంఘం ముద్ర ఆయన చొక్కా జేబులోంచి తీసి
నా ముందు పెట్టినప్పుడు
అది ఇంకా వెచ్చగా ఉందనీ రాయలేదు.

రెండున్నరకి పలాస జోగారావు గారొచ్చారు,
చంకలో జీడిపప్పు పొట్లం.
"నేనొక్కణ్నే తక్కువయ్యానట కదా!"
హాజరు పట్టీ ఆయన ముందుకి తోశాను.
ముప్పై ఒకటో గడిలో సంతకం ఉంది,
ఏటవాలుగా, చివరి అక్షరం గీత దాటి.
స్కేలు తీసుకుని
ఆయనకోసం కింద ఇంకో గీత గీశాను.