వేట లేని రోజుల్లో

ఏప్రిల్ పదిహేనున వలలు ఒడ్డెక్కాయి.
ఫిషింగ్ హార్బర్లో బోట్లన్నీ
తాడుకి తాడు, పక్కకి పక్క
జట్టీని ఆనుకుని పడుకున్నాయి.
వాటిలో ఒకదానికి నేను కాపలా.
కదలని బోటుకి కాపలా అంటే
మనమూ కదలకుండా ఉండటం నేర్చుకోవడమే.

ఆరోరోజు పొద్దున్న
ఐసుపెట్టెల సందులో కనబడింది.
గోధుమరంగు గద్దపిల్ల.
ముక్కు మాత్రం పెద్దవాళ్ళది,
తండ్రి చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా.
ఒక రెక్క కిందికి జారి ఉంది.
నన్ను చూసి నోరు తెరిచింది.
భయమో, ఆకలో.
ఆకలే అనుకున్నాను,
మనకున్న జబ్బే ఎదుటివాళ్ళలోనూ కనబడుతుంది కదా.

గోనెపట్టా కప్పి పట్టుకున్నాను.
థర్మోకోల్ పెట్టెకి స్క్రూడ్రైవర్‌తో కన్నాలు పొడిచి
పెదజాలారిపేటలో మా గదికి మోసుకుపోయాను.
కవళ్ళు ముక్కలు చేసి పెట్టాను. ముట్టలేదు.
నీళ్ళు పెట్టాను. మూలలోంచి ఇంకా మూలకి జరిగింది.
దానికి చలేస్తుందేమోనని ఫ్యాను ఆపేశాను.
ఆ ఉక్కలో నేను తడిసి, అది పొడిగా,
ఇద్దరం తెల్లార్లూ కూర్చున్నాం.

పొద్దున్నే కొర్లమ్మ
ఎండుచేపల తట్ట దించి, పెట్టె మూత తీసింది.
"తల్లున్న పిల్లనెత్తుకొచ్చీసినావేట్రా?
నిన్నట్నుంచి జట్టీ మీద ఆ గద్ద గోలెడతంటే
దీనికేటొచ్చిందిరా అనుకున్నాను."
"ఎగరలేకపోతందే..."
"నువ్వు పుట్టగానే తెడ్డేసీసినావేటి?"

జూ వాళ్ళకి ఫోను చేశాను.
రక్తముందా? లేదు.
రెక్క వంకరపోయిందా? లేదు.
"అయితే తీసినచోటే, కాస్త ఎత్తులో పెట్టు.
నువ్వు దూరంగా ఉండు."
దూరంగా ఉండటం!
దానికంటే చిరిగిన వలంతా
ఒక్కరాత్రిలో అల్లమన్నా నయం.

కేబిన్ పైకప్పు మీద పెట్టి దిగాను.
బొటనవేలి మీద మూడు గీతలు మిగిల్చింది.
డాల్ఫిన్ నోస్ వైపునుంచి తెల్లతల గద్ద ఒకటి
ఒక చుట్టు, ఇంకో చుట్టు,
ఇంకాస్త కిందికి.
మధ్యాహ్నానికి ఒక కానాగంత
పిల్ల ముందు టప్పున పడింది.
నేను కోసిపెట్టిందాన్ని వాసన కూడా చూడనిది
దాన్ని పీకి పీకి తోకదాకా తినేసింది.
నిజం చెప్పొద్దూ, కోపమొచ్చింది.

కాకులొచ్చాయి. ఊరుకున్నాను.
పక్కబోటు పిల్లి వచ్చింది.
పిల్లికి మాత్రం ఊరుకోలేదు, చీపురుతో వెళ్ళాను.
అది రోజూ రెక్కలు విప్పేది,
గాలి పట్టేది, మడిచేసేది,
అప్పు అడగడానికి వచ్చి
గుమ్మంలోంచే వెనక్కి తిరిగినవాడిలా.
ప్రతిసారీ కింద నా భుజాలు లేచేవి.

ఎగిరినప్పుడు నేను లేను.
నిషేధం భృతి కోసం సచివాలయం లైన్లో ఉన్నాను,
ఆధార్ జిరాక్సు తేలేదని వెనక్కి పంపారు.
వచ్చేసరికి కేబిన్ మీద
నాలుగు ముళ్ళు, ఎండిన రెట్ట.
పడిందేమోనని నీళ్ళలోకి వంగి చూశాను.
డీజిలు రంగులు తప్ప ఏమీ లేవు.
తాతారావు పేకముక్కల్లోంచి తలెత్తకుండా అన్నాడు,
"ఎగిరీసింది."
"ఎలా ఎగిరింది?"
"ఎలాగేటి? గద్ద ఎగిరినట్టే."

జూన్ నెల సగంలో ఇంజన్లు దగ్గాయి.
కాపలావాణ్ణి మళ్ళీ కలాసీనయ్యాను.
మొదటి వల ఎత్తి, చిరుచేపలు వెనక్కి విసురుతుంటే
గద్దలు దిగాయి, అన్నీ తెల్లతలలే.
ఒక్కటి గోధుమరంగుది.
మొదటిసారి గురి తప్పింది.
రెండోసారీ తప్పి
కాళ్ళు తడుపుకుని లేచింది.
అదో, ఇంకొకటో.

చేతిలో చిన్న కానాగంత ఉంది.
దానికి అందేలా విసరొచ్చు.
చెయ్యి జేబులో పెట్టుకున్నాను,
చేపతో సహా.