వీపు దిక్కు

మెట్టుగూడల మా గది పన్నెండడుగులు.
రెండు మెషిన్లు, రెండు స్టూళ్లు,
ఒక్క కిటికీ. అది రైలుపట్టాల దిక్కు.
రాహేలక్క కిటికీ దిక్కు మొకం పెట్టి కుట్టేది,
నేను తలుపు దిక్కు.
వీపుకు వీపు, ఇరవై ఆరేండ్లు.
జాగ సాలక గట్ల ఏసుకున్నం మెషిన్లు,
వేరే కారణం ఏం లేదు.

మృగశిర నాడు పోయింది,
ఊరంత చేపలు కొనవోయిన పొద్దు.
గాంధీ దవాఖానల, నాలుగో అంతస్తుల,
నేను కింద చిట్టీ రాపియ్యవోయిన పది నిమిషాలల్ల.
కాయిదం మీద సంబంధం అనే గడి ఉండె.
టైలరింగ్ సెంటర్ల కలిసినోళ్లం మేము,
ఒక్క తల్లి బిడ్డలం కాదు.
అక్క అని రాపిచ్చిన.

అందరు వచ్చిండ్రు. సంఘపోళ్లు పాటలు పాడిండ్రు.
"దేవుడున్నడమ్మా నీకు" అన్నడు పాస్టరయ్య.
ఇంటోనరు యాదగిరి సుత గదే అన్నడు,
ఆయన దేవుని పేరు వేరే.
ఎదురింటి షహనాజ్ భాబీ
ఖిచిడీ గిన్నె చేతిల పెట్టి "అల్లా హై నా" అన్నది.
ముగ్గురికి తల ఊపిన.
అందరు పోయి తలుపేసుకున్నంక అడిగిన,
ఏడున్నవు మరి?

కాజీపేట దిక్కు బండి పోయింది.
కిటికీ వణికింది.
గంతే.

బళ్లు తెరిచే నెల.
దుఃఖానికి తారీకులు ఎరుకనా?
నలభై రెండు లాగులు, ముప్పై అంగీలు,
చాక్‌పీసు గీతలు కండ్లల్ల అలుక్కపోయేటివి.
ఒకనాటి రాత్రి లాగు పక్కకుట్టు
మొదటికెల్లి చివరి దాక కుట్టి సూస్తె
అడుగు దారం ఎప్పుడో అయిపోయింది.
సూది ఉట్టిగ తూట్లు పొడుచుకుంట పోయింది.
గుంజితె మొత్తం ఊడొచ్చింది.
ముందుగాల నవ్వొచ్చింది, అటెన్క ఏడ్పు.
"అక్కా, బాబిన్ చుట్టియ్యవా" అన్నది నా నోరు,
నన్ను అడగకుండనే.

జవాబు రాలె.
రాదని ఎరుకే.
కని ఆ సప్పుడు లేనితనం
నాకు కొత్తది కాదు గద అనిపించింది.

రాహేలక్క మాట్లాడే మనిషి కాదు.
పొద్దుగాల "చాయ్ పెట్టిన",
మాపటికి "ఇగ బందు చెయ్".
నడుమ ఏం లేకపోయేది.
ఒక్కనాడన్న మెషిన్ ఆపి విన్ననా,
ఉన్నదా లేదా అని?
ఒక్కసారన్న తిరిగి సూసిన్నా?
పాటల చరణం తప్పితె
ఆమె తొక్కుడు ఒక్క గడియ ఆగేది,
గదే మందలింపు.
నా వీపుకు ఎరుక ఉండేది. నాకు గాదు, వీపుకు.

అయ్యా,
ఇన్నొద్దులు నిన్ను మొకం దిక్కు ఎతికిన.
గోడ మీది కాలెండర్ల,
పాస్టరయ్య నోట్ల,
దవాఖాన సీలింగుల సుత, పెచ్చులూడిన కాడ.
ఎనుకకు సూడలె.
సూస్తె కనవడేటోనివి గాదని కాదు,
సూసే అవసరం లేదేమో అని ఇప్పుడంటున్న.

బాబిన్ నేనే చుట్టుకున్న.
కరెంటు పోయింది, ఫోను లైటు పెట్టి కుట్టిన.
ఆమె మెషిన్ మీది దుప్పటి తియ్యబుద్ధి కాలె,
ఇంక కాలె.
వీపు మాత్రం సల్లగ లేకుండె.
ఉక్కపోత అనొచ్చు ఎవలన్న,
నేను కాదనను.
ఒట్టేసి చెప్పేటంత మాట కాదది.

ఆ రాత్రి మల్ల అడగలె, ఏడున్నవని.
ఊకున్న.
ఇద్దరం ఊకున్నం.
తెల్లారేసరికి పదకొండు లాగులైనయి.

పొయ్యి మీద గిన్నె పెట్టి
అలవాటుకు రెండు గ్లాసులల్ల పోసిన.
రెండోది పారబొయ్యలె.
స్టూలు మీద తలుపు దిక్కు కూసొని
"చాయ్ పెట్టిన" అన్న,
తిరగకుండ.