ఉప్పు మీద పరీక్ష

మంచు అంటే మా షెడ్డులో
ఫ్రిజ్ గోడకు పట్టే తెల్లటి బూజు,
జాఫర్ గోటితో గీకి నోట్లో వేసుకునేది.
అంతకు మించి ఎవరం చూడలేదు.
అయినా అంబత్తూరులో, చివరి వీధి మలుపులో,
మేం మంచు మీద నడిచే కాళ్లు చేస్తాం.

ముక్కోణపు ఇనుప చట్రం,
లోపల ఏడు చిన్న పుల్లీలు,
చుట్టూ బెత్తెడు మందాన గళ్ల రబ్బరు పట్టా.
చక్రం విప్పెయ్, దీన్ని తగిలించు, నట్లు బిగించు.
ఏ బండైనా సరే, పాల బండైనా, పోస్టు బండైనా,
పిల్లల్ని బడికి దించే బండైనా.
డ్రాయింగులో పట్టా వెడల్పు పక్కనే
ఆ దేశపు మంచు లోతు కూడా రాసి ఉంది:
మా దేవసహాయం మేస్త్రి నడుం దాకా వస్తుంది.
కొలిచి చూశాం.
ఆయన నిలబడ్డాడు, నవ్వకుండా.

పంపేముందు పరీక్ష చెయ్యాలి. ఎక్కడ?
మెరీనా ఇసుక మీద పోలీసులు ఒప్పుకోరు.
"తెల్లగా ఉండాలి, మెత్తగా ఉండాలి, కాలు దిగబడాలి"
వేళ్లు మడుస్తూ మేస్త్రి
మూడో వేలు దగ్గర ఆగాడు: "అత్తిపట్టు."

తెల్లారకముందే పాలు దించి వచ్చిన చిన్న ఏనుగు
(కంపెనీ దానికి వేరే పేరు పెట్టింది గాని
మద్రాసులో ఎవరూ అలా పిలవరు)
ఎన్నూరు దాటి, బూడిద కుప్పలు దాటి,
ఉప్పుమళ్ల గట్టు మీద జాకీ ఎక్కింది.
విప్పిన చక్రాలు నాలుగూ గట్టున వరసగా,
పెళ్లి పందిరి బయట చెప్పుల్లా.
కొత్త కాళ్ల మీద లేచి నిలబడితే
జానెడు ఎత్తు పెరిగింది.

మాకిచ్చిన మడిలో నాసిరకం ఉప్పు,
తోళ్ల ఫ్యాక్టరీకి పోయేది.
మొదటి గేరు.
కడుపులో గులకరాళ్లు దొర్లినట్టు ఒక గురగుర,
అంతే.
దిగబడలేదు.
టన్ను బరువు, పిల్లి నడిచినట్టు వెళ్లింది,
వెనక అల్లిన జడలా జాడ.

జాఫర్ ఈల వేశాడు. ఎండ లేచింది.
ఆ తెలుపు మీంచి కళ్లలోకి సూదులు.
మంచులో కూడా ఇంతేనట,
మేస్త్రి ఎక్కడో విన్నాడు.

అప్పుడొచ్చింది అంజలై, భుజాన పార,
ముప్పై ఏళ్లుగా ఆ మళ్లు తొక్కిన మనిషి.
తిడుతుందనుకున్నాం.
వంగి, జాడలో వేలు పెట్టి లోతు చూసింది.
మొదటి కణుపు కూడా మునగలేదు.
పక్కనే తన మడమ ఆనించి, తీసి, మళ్లీ వేలు పెట్టింది:
రెండు కణుపులు.
"అయితే బండి కంటే నేనే బరువా?"

బరువు కాదమ్మా, బరువును పరవడం,
ఎంత వెడల్పున మోపితే అంత తేలిక అంటూ
మేస్త్రి పుల్లతో గీతలు గీసి లెక్క చెబుతున్నాడు.
ఆమె అరికాలు తిప్పి చూసుకుంటోంది.
పగుళ్లలో ఉప్పు,
మా పట్టా గళ్లలో ఉన్నట్టే.
"నా కొలతకు చేస్తారా?" అంది.
ఎగతాళో కాదో తెలియలేదు.
అలవాటు కొద్దీ నా కళ్లు కొలిచేశాయి:
ఇరవై రెండు సెంటీమీటర్లు.

షెడ్డుకొచ్చి మూడుసార్లు నీళ్లు కొట్టాం.
అయినా రెండో రోజుకే ఒక బోల్టు తల ఎర్రబారింది.
మార్చాం. పెట్టెలు కట్టాం. హార్బరుకు పోయాయి.

మంచు కరగడానికి ఆ దేశంలో
రోడ్ల మీద ఉప్పు చల్లుతారట.
ఈ ముక్క ముందే తెలిస్తే అంజలైకి చెప్పేవాణ్ణి.
ఏ గడి మూలనో మా బ్రష్షు అందని చిటికెడు
ఉండే ఉంటుంది.
ఎవరిదో పోస్టు బండి, తెల్లటి పొద్దు,
బొటనవేలంత గుంట.

నా సొరుగులో పట్టా తెగ్గోసిన ముక్కలు రెండున్నాయి.
పొడవు ఇరవై రెండే.
వెడల్పు మాత్రం రెట్టింపు పెట్టాను.
వార్లింకా కుట్టలేదు.
మేస్త్రి చూశాడు, ఏమీ అడగలేదు.
ఆదివారం అత్తిపట్టు వెళ్లాలంటే
బేసిన్ బ్రిడ్జిలో రైలు మారాలి.