మరగని మందు

కందుకూరులో పామూరు బస్సులు తిరిగే మలుపులో
మా మెడికల్ షాపు.
గ్రేడింగ్ షెడ్డు వదిలేసరికి ఏడవుతుంది.
ముందు పొగాకు ఘాటు వస్తుంది,
వెనక పెంచలమ్మ.

బంకపట్టి నల్లబడ్డ వేళ్లు
గాజు బల్లకు తగలకుండా ఎత్తిపట్టుకుని
మోకాలు చూపిస్తుంది.
బిళ్ల ఇస్తే మాత్రం వెలుతురుకు పట్టి చూస్తుంది,
చెల్లని నోటును చూసినట్టు.
"ఇది మరిగేదేనా అబ్బయా?"

ఆ మాట ఆమెకు తెలిసినంత
నా ఫార్మసీ పుస్తకానికి తెలీదు.
నీళ్లు మరిగితే నీళ్లే ఆవిరి,
మనిషి మరిగితే ఇల్లు.
మొగుడు సారాకి మరిగాడు.
రెండు బర్రెల్ని, బేరన్‌లో వాటాని,
ఆఖరికి తలుపు రెక్కల్ని కూడా తాగాడు.
మరిది దగ్గుమందుకి మరిగాడు, దగ్గు లేకుండానే.
ఇంత చెబుతున్న ఆమె దవడ కింద
పొగాకు కాడ ముక్క.
"దీన్నా? ఎవురో మరుగుమందే పెట్టుంటారు.
ముప్పయ్యేళ్లు. ఉమ్మలేను, మింగలేను."

"ఇది మరగదు పెద్దమ్మా. నొప్పుంటే ఒకటి. లేకపోతే లేదు."
"లేనప్పుడు అదే నన్ను పిలవదు గదా?"
"పిలవదు."
నమ్మలేదు.
పది బిళ్లల అట్ట కొంగున కట్టుకుని
తేలును మోసుకుపోతున్నట్టు పోయింది.

వేలాలు ముగిశాయి. బేళ్ల లారీలు ఆగిపోయాయి.
ఒక శనివారం పొద్దున్నే, మాలకొండ బస్సు కోసం వచ్చి
అట్టను బల్ల మీద పెట్టింది.
తొమ్మిది.
"ఒకటేసుకున్నా, తగ్గింది.
ఇంకిది ఇంట్లో ఉండాదనే మరిచిపోయినా.
నిన్న చింతపండు కుండలో చెయ్యి పెడితే తగిలింది."
అప్పిచ్చి మళ్లీ గుమ్మం తొక్కని మనిషిని
మొదటిసారి చూసినట్టుంది ఆమె మొహం.

"ఇట్టాంటియ్యి ఇంకేముండాయి నీకాడ?"
చూపించాను.
విరేచనాలకు ఉప్పూ చక్కెరా పొట్లం,
కాలినచోట రాసే పూత,
నులిపురుగుల బిళ్ల.
పని చేసి, చేతులు కడుక్కుని,
కాఫీ కూడా అడక్కుండా వెళ్లిపోయేవి.

"మరి ఆ తాళమేసిన సొరుగు?"
"నిద్ర బిళ్లలు. డాక్టరు చీటీ ఉంటేనే."

చీటీ లేకుండా రోజూ పదిన్నరకి
అందులోంచి ఒకటి ఎవరు తీస్తున్నారో
ఆమె అడగలేదు.
బస్సు హారన్ కొట్టింది.
కాడ ముక్కను ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకుని
"ఉంచబ్బయా, నొప్పున్నోళ్లకియ్యి" అని ఎక్కేసింది.

రాత్రి షట్టరు సగం దించాను.
తొమ్మిది బిళ్లల అట్ట బల్ల మీదే ఉంది,
కిక్కురుమనలేదు.
సొరుగు పిలిచింది,
పేరు పెట్టి.